నయీముద్దీనూ, మా అన్నయ్యా, నేనూ

వంటింట్లో పోపు వేసుకునేదానికి ఫుట్‌బాలు సంగతులెందుకని మీరనుకోవచ్చు. అనుకోండి. మీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుందును. కాని ఒక్కటి చెప్పనా? మా గుడివాడ వీధిలో ఇరవై ఇళ్లున్నాయి. సయ్యద్ నయీముద్దీన్ అంటే ఎవరో, ఏ జట్టుకి ఆడాడో, ఏ పొజిషన్‌లో ఆడాడో, ఎక్కడా చూసుకోకుండా చెప్పగల మనిషిని ఆ ఇరవై ఇళ్లలోనూ నేనొక్కదాన్నే. మగవాళ్లని కూడా కలుపుకునే చెబుతున్నాను. వాళ్లకి క్రికెట్టు తప్ప మరొకటి అక్కర్లేదు.

ఈ విద్య నాకు మా అన్నయ్య వల్ల అబ్బింది. అబ్బిందనడం కన్నా నెత్తిన పడిందనడం సబబు.

మాది బందరు. మ్యాపుల్లో మచిలీపట్నం అని రాస్తారు గాని మా నోటికి బందరే. రాబర్ట్‌సన్‌పేటలో పెంకుటిల్లు, వెనక దొడ్డి, దొడ్లో రెండు కొబ్బరిచెట్లు. ఆ రెండు చెట్లే అన్నయ్యకి గోలు. అసలు గోలుకి రెండు స్తంభాల మధ్య ఎనిమిది గజాలుండాలట. మా చెట్ల మధ్య నాలుగైనా లేవు. "ఇరుకైతే కాపాడటం తేలికే కదరా" అని అమ్మ అంటే, "నేను గోలీని కాదమ్మా, బ్యాక్‌ని" అని నొచ్చుకునేవాడు. కన్నతల్లికి కూడా తెలియకపోతే ఎలా అని ఆ బాధ.

బ్యాక్ అంటే ఏమిటో నాకు తొమ్మిదో ఏటనే తెలుసు. పరికిణీ ఎగదోపించి, నా ముందు బంతి పెట్టి, "నువ్వు ఫార్వర్డ్‌వి, నన్ను దాటుకుని పో" అనేవాడు. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నేనేం దాటతాను? కాని నన్ను ఎలా ఆపుతున్నాడో మాత్రం బాగా చూశాను. మీదికి ఉరికేవాడు కాదు. నా మొహం చూసేవాడు కాదు, కాళ్లూ చూసేవాడు కాదు. "కాళ్లు అబద్ధాలాడతాయే, బంతి ఆడదు" అనేవాడు. వెనక్కి వెనక్కి నడుస్తూ, నన్ను మెల్లిగా గోడ వైపుకి, బావి వైపుకి తోసుకుపోయేవాడు. చివరికి నాకు పోవడానికి దారుండేది కాదు. అప్పుడు, ఆఖర్న, ఒక్క కాలు చాపి బంతి లాగేసుకునేవాడు. గోలు ముందర గీసిన పెట్టెలో తొందరపడి మనిషిని పడేస్తే పెనాల్టీ ఇస్తారట. పన్నెండు గజాల నుంచి, గోలీ తప్ప అడ్డెవరూ లేకుండా కొట్టుకోనిస్తారు. అందుకని బ్యాక్‌కి కాళ్ల కన్నా ఓర్పు ముఖ్యమనేవాడు.

నాకు అర్థమయ్యేందుకు నేనొక పోలిక చెప్పుకున్నాను. ఫార్వర్డ్ పెళ్లికొడుకు. ఊరేగింపూ, మెళ్లో దండా అన్నీ అతనికే. బ్యాక్ ఆ పెళ్లిలో వంటల దగ్గర నిలబడ్డ మేనమామ. అన్నీ సవ్యంగా జరిగితే ఆయన వచ్చాడో లేదో కూడా ఎవరికీ గుర్తుండదు. సాంబారు అడుగంటిందా, ఊరంతా ఆయన పేరే చెబుతుంది. అన్నయ్య ఈ పోలిక విని చాలాసేపు నవ్వాడు. తరవాత నవ్వు ఆపి ఒక మాటన్నాడు: "నిజమేనే. ఆపిన బంతులు బ్యాక్‌కి కూడా గుర్తుండవు. దాటిపోయినవే గుర్తుంటాయి."

ఆ రోజుల్లో ఫుట్‌బాలంటే దేశంలో రెండే ఊళ్లు, కలకత్తా, హైదరాబాదు. హైదరాబాదుకి ఆ పేరు తెచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. స్కూలు మాస్టారుగా పనిచేసిన మనిషి. 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చిందే, ఆయన కథే అది. మా కోడలు ఫోన్లో చూసి కళ్లు తుడుచుకుంది. నాకు మటుకు కథంతా ముందే తెలుసు. ఆయన తయారుచేసిన హైదరాబాదు పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఎవరికీ ఇవ్వలేదు. ఆయన శిక్షణలో మన దేశం 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం. ఇవాళ చెబితే పిల్లలు నమ్మరు. జకార్తా ఫైనల్లో జర్నయిల్ సింగ్ అని ఒక బ్యాక్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడి ఉన్నాయి. రహీం ఆయన్ని వెనక నుంచి తీసి ముందు నిలబెట్టాడు. ఆ కుట్ల తలతోనే దక్షిణ కొరియా మీద గోలు కొట్టాడాయన. మా ఇంట్లో అభిమన్యుడి కథ కన్నా ఈ కథే ఎక్కువసార్లు విన్నాను. ఆ మరుసటి సంవత్సరం, 1963 జూన్‌లో, రహీం కాన్సరుతో పోయారు.

అన్నయ్య కొలుచుకున్న దేవుడు మాత్రం జర్నయిల్ సింగ్ కాదు, నయీముద్దీన్. 1944లో హైదరాబాదులో పుట్టినవాడు. అన్నయ్యకి అయిదేళ్లు పెద్ద. ఆ దగ్గర వయసే పిచ్చి ముదరడానికి కారణమనుకుంటాను. మనకన్నా ముప్ఫై ఏళ్లు పెద్దవాణ్ని చూసి దండం పెడతాం. అయిదేళ్లు పెద్దవాణ్ని చూస్తే, నేనూ అలా కావచ్చు కదా అనిపిస్తుంది. నయీం హైదరాబాదు పోలీసు జట్టులో ఆడి, 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. తరవాత మోహన్ బగాన్, మళ్లీ ఈస్ట్ బెంగాల్, ఆ పైన మహమ్మదన్ స్పోర్టింగ్.

ఈ మార్పులు మనకి మామూలుగా వినబడతాయి గాని కలకత్తాలో ఇదంతా వియ్యాలవారి తగువులాంటిది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ అభిమానుల ఇళ్లలో పులస కూర. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర. మన గోదావరి పులసే, వాళ్లు ఇలీష్ అంటారు. అంటే నయీం పులసవారింటి నుంచి రొయ్యలవారింటికి పోయి, మళ్లీ పులసవారింటికి వచ్చాడన్నమాట. మా వదినది దివిసీమ, రొయ్యల ఊరు. కాపరానికొచ్చిన కొత్తలో ఈ సంగతి విని, "మళ్లీ ఎందుకొచ్చాట్ట? రొయ్యల్లో ఏం లోటొచ్చింది?" అనడిగింది. అన్నయ్య దగ్గర జవాబు లేదు.

ఇంకో కథ కూడా చెప్పేవాడు. 1936లో కలకత్తా నుంచి మహమ్మద్ సలీం అనే ఆటగాడు స్కాట్లండు వెళ్లి, గ్లాస్గోలో సెల్టిక్ అనే పెద్ద క్లబ్బుకి ఆడాడట. బూట్లు లేకుండా, కాళ్లకి కట్లు కట్టుకుని! స్కాట్లండంటే ఈ ఆటకి పుట్టిల్లులాంటిదట. దేశానికీ దేశానికీ మధ్య మొట్టమొదటి మ్యాచి 1872లో ఆ గ్లాస్గోలోనే, స్కాట్లండుకీ ఇంగ్లండుకీ జరిగింది. ఇద్దరికీ ఒక్క గోలు రాలేదు. "అంటే ఆ రోజు గెలిచింది బ్యాకులే" అని అన్నయ్య తీర్పు. అలాంటి చోట సలీంని ఉండిపొమ్మన్నారు. ఆయన ఇంటిమీద బెంగతో తిరిగొచ్చేశాడు. ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి అన్నయ్యకి కోపం వచ్చేది. "బెంగేమిటి, బెంగ! నాకు ఒక్కసారి హైదరాబాదు నుంచి పిలుపొస్తే వెనక్కి తిరిగి చూస్తానా?"

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. ఇహ మీదట చెప్పాల్సింది యాభై అయిదేళ్ల పైగా ఎవరికీ చెప్పనిది.

1969 సంక్రాంతికి నేను బొమ్మల కొలువు పెట్టాను. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, అయిదు మెట్లు, రంగు కాగితాలు. పేరంటాళ్లు వచ్చే వేళకి అరగంట ముందు, దొడ్లో నుంచి బంతి కిటికీలోంచి దూసుకొచ్చింది. అంబారీ ముక్కలైంది, వామనుడి గొడుగు విరిగింది. తోలుబంతి, నీళ్లు పీల్చి రాయిలా ఉంది. అన్నయ్య పరుగెత్తుకొచ్చి మొదట బంతిని చూసుకున్నాడు, ఎక్కడైనా చిరిగిందేమోనని. నా బొమ్మల్ని తరవాత చూశాడు. ఆ వరసే నేను క్షమించలేకపోయాను. పన్నెండేళ్ల ఆడపిల్ల కోపం ఎలాంటిదో మీలో తెలిసినవాళ్లుంటారు. దానికి కాలం చెల్లదు.

వేసవిలో ఒక రోజు అన్నయ్య నన్ను పక్కకి పిలిచి రహస్యంగా చెప్పాడు. తనకన్నా సీనియరు ఒకతను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ అక్కడొక జట్టుకి ఆడుతున్నాడట. బందరులో అన్నయ్య ఆట చూసిన మనిషే. "ఉత్తరం రాస్తానన్నాడు. వస్తే నా చేతికే ఇయ్యి. నాన్నగారి చేతిలో పడనీకు. తొక్కుడు లడ్డు కొనిపెడతాను" అన్నాడు. లడ్డు మాటకి తలూపాను. బొమ్మల మాట మర్చిపోలేదు.

ఉత్తరం జూన్ నెలాఖర్న వచ్చింది. నీలం రంగు ఇన్‌లాండు కవరు. పోస్టుమాను నా చేతికే ఇచ్చాడు. అన్నయ్య మైదానానికి వెళ్లాడు. నాన్నగారు కోర్టు నుంచి అప్పుడే వచ్చి కండువా తీస్తున్నారు. అరుగు మీద నుంచి లోపలికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో నేనేం ఆలోచించానో ఇప్పటికీ నాకు స్పష్టంగా గుర్తుంది. వామనుడి గొడుగు. "నాన్నగారూ, అన్నయ్యకి హైదరాబాదు నుంచి ఉత్తరం" అని చేతికిచ్చాను.

నాన్నగారు చదివారు. మళ్లీ చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, "ఈ సంగతి అన్నయ్యకి చెప్పకు" అన్నారు. అంతే. కేకలేస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను. అన్నయ్యకి నాలుగు చీవాట్లు పడితే నాకు చాలు. అవేమీ జరగలేదు. ఉత్తరం మాయమైపోయింది.

నాన్నగారిది తప్పని ఈనాడు నేను తేల్చి చెప్పలేను. ఆ ఏడాది హైదరాబాదులో ప్రత్యేక తెలంగాణా ఉద్యమం జోరుగా ఉంది. పేపరు తెరిస్తే కాల్పుల వార్తలు. కోస్తా నుంచి పిల్లాణ్ని అక్కడికి పంపడమంటే ఏ గుమాస్తా తండ్రికైనా గుండె దడే. పైగా బీకాం ఇంకో ఏడాది మిగిలి ఉంది, నా పెళ్లి మిగిలి ఉంది. కాని ఆ మాటే అన్నయ్యని కూర్చోబెట్టి చెప్పి ఉంటే అదో దారి. తన్ను ఎవరూ పిలవలేదని అన్నయ్య అనుకున్నాడు. జూలై అంతా పోస్టుమాను వచ్చే వేళకి అరుగు మీద కూర్చునేవాడు. ఆగస్టులో కూర్చోవడం మానేశాడు. నాకు లడ్డు మాత్రం కొనిపెట్టాడు, అడక్కుండానే. తినలేక తిన్నాను.

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టుకి కెప్టెను నయీముద్దీన్. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచిలో జపానుని ఒక్క గోలుతో ఓడించి కంచు పతకం తెచ్చారు. జపానుకి ఒక్కటీ ఇవ్వలేదు. అన్నయ్య పేపరు పట్టుకొచ్చి అమ్మకీ, నాకూ, చివరికి పాలవాడికి కూడా చదివి వినిపించాడు. అదే ఏడు నయీముకి అర్జున అవార్డు కూడా వచ్చింది. ఆసియా క్రీడల్లో మన మగవాళ్ల ఫుట్‌బాలు జట్టుకి ఆ కంచు తరవాత ఇప్పటిదాకా ఏ పతకమూ రాలేదు. ఆ రోజు అది మాకెవరికీ తెలీదు. ఇదింకా మొదలే అనుకున్నాం. అన్నయ్య ఆ వార్త కత్తిరించి, అన్నం మెతుకులతో అట్టకి అంటించి, తన పెట్టె మూతకి లోపలివైపు పెట్టుకున్నాడు. పెట్టె తెరిచినప్పుడల్లా నయీం కనబడేవాడు. నేను ఆ పెట్టె దగ్గరికి వెళ్లడం మానేశాను.

తరవాత కథ మామూలే. అన్నయ్యకి అవనిగడ్డ వైపు సహకార సంఘంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. దివిసీమ పిల్లతోనే పెళ్లయింది. నన్ను గుడివాడ ఇచ్చారు. 1977 దసరాకి అందరం బందరులో కలిశాం. ఆ సెప్టెంబరులోనే పేలే కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో ఆడి వెళ్లాడు. మోహన్ బగానుకీ ఆయన జట్టుకీ చెరి రెండు గోల్స్. మన గోల్స్‌లో ఒకటి హైదరాబాదు హబీబ్ కొట్టాడు. అన్నయ్య అన్నం ముందు కూర్చుని చెయ్యి ఎండిపోయేదాకా ఆ కథ చెప్పాడు. "పేలేని ఆపారే మనవాళ్లు! ఆయన గోలు కొట్టకుండా ఆపారు!" హబీబ్ కొట్టిన గోలు కన్నా అదే ముఖ్యం మా వాడికి.

నెల తిరక్కుండా నవంబరు 19, శనివారం. ఉప్పెన.

దాన్ని గురించి నాకన్నా బాగా రాసినవాళ్లున్నారు. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. బందరులో పుట్టినవాళ్లం, 1864 నాటి ఉప్పెనలో ముప్ఫై వేల మంది పోయారని ముసలివాళ్లు చెబుతుంటే కథలా విన్నవాళ్లం. ఇది కథ కాదు. అన్నయ్య ఆ రోజు పనిమీద కోడూరు వైపు వెళ్లాడని మాత్రం తెలుసు. దారులు లేవు, చెట్లన్నీ రోడ్ల మీద, తంతి తెగిపోయింది. అయిదు రోజులు ఏ కబురూ లేదు. ఆ అయిదు రోజులూ గుడివాడలో నేను స్టౌ ముందు కూర్చుని ఒక్కటే లెక్క వేసుకున్నాను. ఆ నీలం కవరు అన్నయ్యకే ఇచ్చి ఉంటే, ఈపాటికి తను హైదరాబాదులో ఉండేవాడు. సముద్రానికి రెండొందల మైళ్ల దూరంలో.

ఆరో రోజున వచ్చాడు. ఒక డాబా మీదికెక్కి బతికాడట. కుడి భుజం ఎముక జారిపోయింది, అరచేతుల్లో చర్మం లేదు. నీళ్లలో కొట్టుకొచ్చేవాళ్లని డాబా అంచు నుంచి పట్టుకుని పైకి లాగారట, తనూ, ఇంకో ఇద్దరూ. ఎంతమందిని లాగారని మా వారు అడిగారు. అన్నయ్య ఆయన మొహంలోకి చూసి, "అది గుర్తులేదు బావగారూ" అన్నాడు. కాసేపాగి, "ముగ్గురు జారిపోయారు" అన్నాడు. ఒకామె చేతి గాజులు ఏ రంగువో కూడా చెప్పాడు. నేనిక్కడ రాయను.

ఆ భుజం పూర్తిగా బాగుపడలేదు. ఆట అక్కడితో ఆఖరు.

1984లో నాన్నగారు పోయారు. పెద్దకర్మ అయ్యాక అమ్మ పాత పంచాంగాల కట్ట విప్పి, పారెయ్యమని నా చేతికిచ్చింది. అందులో ఉంది, మడత మడతలాగే. చదివాను. నాలుగే నాలుగు మాటలు. జూలై ఇరవై లోపల వచ్చి కనబడమని, కోచ్‌తో మాట్లాడానని, ఉండటానికి తన గదిలో చోటుందని, బూట్లు లేకపోయినా ఫరవాలేదని. ఆ చివరి మాట దగ్గర నాకు కాళ్లు ఆడలేదు. అన్నయ్యకి సొంత బూట్లు లేవు. కాలేజీలో ఇద్దరికి ఒక జత ఉండేది.

అన్నయ్య పక్కగదిలోనే ఉన్నాడు. అప్పుడు ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. తండ్రి పోయిన పదమూడో రోజున ఆయన మీద ఇలాంటిది ఎలా చెప్పనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అది సగమే నిజం. చెబితే, నాన్నగారి చేతికి అది ఎలా వెళ్లిందని అడుగుతాడు కదా? ఉత్తరం తెచ్చుకుని పట్టుచీరల అడుగున, కలరా ఉండల మధ్య పెట్టాను. చీరలు ఎండేసినప్పుడల్లా దాన్నీ ఎండేస్తున్నాను.

1990లో నయీముద్దీన్ శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాదిలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యురాండ్, రోవర్స్ కప్పులు మూడూ గెలిచింది. ఆ ఏడే ద్రోణాచార్య అవార్డు కూడా వచ్చిందాయనకి. "చూశావా, ఒక్క మనిషే అర్జునుడూ, ద్రోణుడూను!" అని అన్నయ్య బందరు నుంచి కార్డు రాశాడు. తరవాత ఆయన రెండుసార్లు దేశపు జట్టుకి కోచ్‌గా పనిచేశాడు, బంగ్లాదేశ్ జట్టుకి కూడా. మహా కఠినుడని పేరు. అన్నయ్య కూడా రిటైరయ్యాక బందరులో సాయంకాలాలు పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. చెయ్యి పైకి లేవదు, ఈల మాత్రం వేస్తాడు. కఠినుడే. బ్యాకులు నవ్వితే ఊరుకోడు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా మనవరాలి మూలంగా.

పదో తరగతి. బందరు వెళ్లినప్పుడల్లా పెద్దతాతయ్య వెంట మైదానానికి పోయి ఇది కూడా ఆటలో పడింది. గోడ మీద నిజామాబాదు అమ్మాయి గుగులోతు సౌమ్య ఫోటో పెట్టుకుంది, యూరప్ వెళ్లి క్రొయేషియాలో పెద్ద క్లబ్బుకి ఆడిన పిల్ల. "ఆమె ఫార్వర్డు కదే, నువ్వు బ్యాక్‌వి. నయీం ఫోటో పెట్టుకో" అని మా అన్నయ్య పోరు. "ఆయన తాతయ్యలా ఉంటాడు తాతయ్యా" అంటుందిది.

పోయిన నెలలో ఒక రాత్రి నా ఫోనుకి మెసేజి వచ్చింది. ఇంట్లో ఎప్పుడూ ఉండేదాన్ని నేనేనని స్కూల్లో నా నంబరే ఇచ్చిందట. జిల్లా జట్టు ఎంపికకి ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా రమ్మని. మా అబ్బాయికి చూపించాను. చదివి, "అమ్మా, దానికి చెప్పకు. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. ఆదివారం దాటిపోతే అదే మర్చిపోతుంది" అన్నాడు. నా కొడుకు మంచివాడు. ఆ మాటన్నప్పుడు అచ్చం వాళ్ల తాతగారిలాగే ఉన్నాడు. కండువా ఒక్కటే తక్కువ.

రాత్రంతా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లవారకముందే లేచి పిల్ల గదిలోకి వెళ్లి, దీపం వేసి, దాని మొహం ముందు పెట్టాను. కళ్లు నులుముకుని చదివింది. చదివి ఒక్క అరుపు అరిచింది. మా అబ్బాయి లేచొచ్చాడు. ఇహ మీరు ఊహించుకోండి. "చెప్పొద్దన్నాను కదమ్మా" అన్నాడు. "అన్నావు" అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. కోడలు మటుకు ఏమీ అనకుండా శనివారం రాత్రే చింతపండు నానబోసింది. ఆదివారం అయిదింటికి పులిహోర కట్టుకుని తనే తీసుకెళ్లింది.

పిల్లని జట్టులో తీసుకున్నారు, అదనపు ఆటగత్తెగా. మొదటి మ్యాచి అంతా బెంచీ మీదే కూర్చుందట. రెండోదాంట్లో ఆఖరి పది నిమిషాలు దింపారు. ఎలా ఆడావే అంటే, "ఒకమ్మాయి నన్ను దాటిపోయింది నానమ్మా" అని ఏడుపు మొహం పెట్టింది. మిగతా తొమ్మిది నిమిషాల సంగతి ఎంత అడిగినా చెప్పలేకపోయింది. ఫోన్లో మా అన్నయ్యకి ఈ మాట చెబితే అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. "సరిగ్గా బ్యాకే" అన్నాడు చివరికి. గొంతు బాగోలేదు.

ఆ రాత్రే పట్టుచీరలు తీశాను.

మా అన్నయ్య ఈ పత్రిక తెప్పించుకుంటాడు. వెనక పేజీ నుంచి మొదలుపెట్టి, ముందు గళ్లనుడికట్టు పూర్తిచేసి, తరవాత మిగతావి చదువుతాడు. డెబ్భై అయిదు దాటినా కళ్లద్దాలు పెట్టుకుని ఒక్క అక్షరం వదలడు. ఇది అచ్చయితే తప్పక చూస్తాడు. అచ్చులో చూసి తెలుసుకునే గతి ఆయనకి పట్టకూడదు కదా. అందుకని ఈ కాగితాలు పోస్టులో వెయ్యకముందే వెళ్లి చెప్పొస్తాను. రేపు పొద్దున్న ఆరున్నరకి బందరు బస్సుంది. ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టి సంచిలో అడుగున సర్దాను. నాఫ్తలిన్ వాసన పోలేదు. చేతిలో ఇంకేదైనా పట్టుకెళ్లమంటుంది కోడలు. బందరు వెళుతూ తొక్కుడు లడ్డు ఏం పట్టుకెళతాను? అక్కడ దిగాక కొంటాను, అరకిలో.